మంచి కాలికి కట్టు

బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కాలు పెట్టి, మంచి తొడకే కట్టు చుట్టుకుంటున్నాడు గోడ. ఫుట్‌బాల్ జట్టులో గోల్ ముందు అడ్డు నిలిచే అతణ్ణి అందరూ పిలిచే పేరు అదే. ఎడమ తొడ వెనక కండరం రెండుసార్లు చిరిగింది. పరుగు అందుకోగానే ఇప్పటికీ గుంజుతుంది. దాన్ని నిక్కరు కింద దాచి, కుడి తొడకు మాత్రం అందరికీ కనబడేలా తెల్లకట్టు చుడతాడు. దెబ్బ ఎక్కడుందో తెలిస్తే అవతలివాళ్లు అక్కడే తంతారు. ఆ తన్నులు గట్టి కాలే తింటుందిలే అని ఇన్నేళ్లుగా తన తెలివికి తనే మురిసిపోతున్నాడు, పిచ్చిమారాజు.

"రెండు కాళ్లూ నీవే కదయ్యా," అంది భార్య పొద్దున. అతను నవ్వుతూ సంచి భుజాన వేసుకున్నాడు.

కోచ్ తలుపు దగ్గర ఆగాడు. "ఇవాళ చివరిదాకా నిలబడితే వచ్చే ఏడాదీ ఉంటావు. మధ్యలో కూలబడితే ఇక నన్నడక్కు."

"నిలబడతా సార్."

ఆట మొదలవగానే అవతలి ఫార్వర్డ్ కట్టు మీదే తన్నాడు. బూటు మేకులు తొడలో దిగాయి. గోడ వాడి డొక్కలో మోచేత్తో పొడిచాడు. వాడు దగ్గుతూ లేచి, రిఫరీ అటు తిరగ్గానే తలతో మూతి మీద కుమ్మాడు. పెదవి చిట్లి నెత్తురు జెర్సీ మీదికి కారింది. ఒకప్పుడైతే గోడ పరిగెత్తి బంతి లాక్కునేవాడు. ఎడమకాలు సగం పరుగులోనే జంకుతోంది కాబట్టి, బంతి అందనప్పుడు మనిషిని కొట్టడం నేర్చుకున్నాడు. ఈసారి వాడి చీలమండ మీద కసితీరా తన్నాడు. రిఫరీ పసుపు కార్డు చూపించాడు.

ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా ఫార్వర్డ్ పక్కనుంచి దూసుకెళ్లాడు. గోడ కుడికాలి మీద గిర్రున తిరిగాడు. పాతగుడ్డ చింపినట్టు లోపల ఏదో పర్రుమంది. పడిపోతూ అలవాటుగా ఎడమ తొడ పట్టుకున్నాడు. అది నిక్షేపంగా ఉంది. ఇన్నేళ్లూ దాని బరువూ మోసి, దాని తన్నులూ తిన్న కుడిది తెగింది. వెనక వలలో బంతి పడింది, జనం కేకలేశారు. గోడకు ఏడుపొచ్చింది, మట్టిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

గదిలోకి కోచ్ రాలేదు. భార్యే వచ్చి కట్టు విప్పి, చంక కింద చెయ్యేసి లేపింది.

"ఏ కాలు?"

"కుడిది."

ఆమె కుడివైపుకు మారి భుజం ఆనించింది. ఇద్దరూ వెనక గేటు గుండా మెల్లగా వెళ్లిపోయారు.

బల్ల మీద ఆ కట్టు, మేకులు దిగిన చోటల్లా నెత్తురు ఎండి, తొడ చుట్టూ ఉన్నట్టే ఇంకా గుండ్రంగా ఉంది.