తోడుచెయ్యి

మేం పిచ్చుక అని పిలిచే పిల్లను సామాన్లు మోసే ట్రాలీ మీద పడుకోబెట్టి గేటు దాకా తోసుకెళ్ళారు. మా ఫ్యాక్టరీకి అంబులెన్సు లేదు. యజమాని కారు అక్కడే నీడలో ఆగి ఉంది గానీ, సీట్లు పాడవుతాయని సూపర్‌వైజర్ డ్రైవర్ని కదలనివ్వలేదు. రోడ్డు మీద పోయే లోడు ఆటోను ఆపి ఎక్కించారు.

ఆటో కదిలిందో లేదో, సూపర్‌వైజర్ వెనక్కి తిరిగి మూడో ప్రెస్సు దగ్గరికొచ్చాడు. ప్రెస్సు మీద ఆమె చేస్తున్న లారీ మడ్‌గార్డు ఇంకా వెచ్చగానే ఉంది. నల్లగా, నున్నగా మెరుస్తోంది. దాని మూల మీద ఒక చెయ్యి అచ్చు పడి ఉంది. అరచెయ్యి, మణికట్టు, గ్లోవు కుట్లు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. వేళ్ళ దగ్గర మాత్రం గ్లోవు గుడ్డ, దానితో పాటు చర్మం, ప్లాస్టిక్‌కి అతుక్కుని ఉన్నాయి.

“ఏం చూస్తున్నారు? గ్రైండర్లో వెయ్యండి. షీటు దండగవుతుంది,” అన్నాడు.

మా దగ్గర పనికిరాని ముక్కలన్నీ గ్రైండర్లో పడి పలుకులవుతాయి. ఆ పలుకులు కరిగి మళ్ళీ షీటవుతాయి. ఆ గ్రైండర్ నడిపేది ఎవరో కాదు, పిచ్చుక సొంత అక్క. ఆటో వెంట పరిగెత్తబోతే “నీ మిషను ఎవడు చూస్తాడు?” అని ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. సూపర్‌వైజర్ ఆ మడ్‌గార్డును తీసుకెళ్ళి ఆమె చేతిలోనే పెట్టాడు.

“ఇది మా చెల్లి చెయ్యి సార్,” అంది అక్క.

“చెయ్యి ఆస్పత్రికి పోయింది. ఇది షీటు.”

అక్క కదల్లేదు. వాడే లాక్కుని గ్రైండర్ నోట్లో పడేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. గ్రైండర్ ఎప్పటిలాగే అరిచింది. పలుకులు ఎప్పటిలాగే గోతంలో పడ్డాయి, షీటు తీసే మిషన్లోకి వెళ్ళాయి. మధ్యాహ్నం ఆ షీట్లతో వచ్చిన మడ్‌గార్డుల అంచులన్నీ నేనే కోశాను. నా పని అదే. అందుకే అందరూ నన్ను కత్తి అంటారు. ఆ రోజు కోసిన ప్రతి అంచులోనూ నాకు ఆ చెయ్యే కనిపించింది. బయటికెళ్ళి గోడ పక్కన కక్కుకుని వచ్చి మళ్ళీ కోశాను. నా మీద నాకే రోత పుట్టింది.

కాలేజీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పక్క షెడ్లలో పని చేసే అన్నలూ, మీరు రోజూ లారీల వెనక పోతుంటారు. చక్రాల మీది నల్ల మడ్‌గార్డులు, క్యాబిన్ నెత్తిన గాలిని చీల్చే తెర, పక్కన వేలాడే పనిముట్ల పెట్టె మూత, ఇవన్నీ మా చేతుల మీదుగా వచ్చినవే. పని చెప్పుకోడానికి సులువు. షీటును ఓవెన్లో పెడితే మెత్తబడి బొజ్జలాగా కిందికి జారుతుంది. దాన్ని తెచ్చి అచ్చు మీద పరిస్తే పైనుంచి దిమ్మ దిగుతుంది, కిందనుంచి గాలి లాగేస్తుంది. షీటు అచ్చును కరుచుకుపోతుంది. అచ్చు మీద తలవెంట్రుక పడి ఉన్నా అది కూడా అచ్చుపడుతుంది. అలా పడినందుకు మేం తిన్న తిట్లకు లెక్కలేదు.

దిమ్మ దిగాలంటే రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. మిషను చేసినవాడెవడో బుద్ధిమంతుడు. రెండు చేతులూ చాపితే తప్ప అందనంత దూరంలో పెట్టాడు వాటిని. చేతులు బటన్ల మీద ఉంటే దిమ్మ కింద ఉండవు కదా. కానీ షీటు మూల ముడతపడితే ముక్క పాడవుతుంది, దాన్ని ఆఖరి క్షణం దాకా ఒక చేత్తో లాగి పట్టుకోవాలి. రోజుకు ఇన్ని తియ్యాలని నెత్తిన కూర్చునేవాడికి ముడతలూ పనికిరావు, ఆలస్యమూ పనికిరాదు. అందుకని మాలోనే ఎవరో ఒక చెక్కముక్క చెక్కి ఎడమ బటన్లో దోపారు. అది ఒక బటన్ నొక్కి పెట్టేది, మాకు ఒక చెయ్యి మిగిలేది. దానికి మేమే ముద్దుగా తోడుచెయ్యి అని పేరు పెట్టుకున్నాం. మా గొయ్యి మేం తవ్వుకుంటూ దానికి పేరు కూడా పెట్టుకున్నాం, చూడండి.

యజమాని దాన్ని చూశాడు. తీసెయ్యమంటాడేమోనని భయపడ్డాం. మాకంత అదృష్టమా? ఆయన్ని మేం చాటుగా సైంటిస్టు అంటాం. మీటింగు గదిలో అద్దాల బీరువా నిండా ఆయన కనిపెట్టినవే. అందులో ఉన్న పెట్టె మూతకు పట్టే గొళ్ళెం ఒక లారీ డ్రైవర్ చెప్పిన ఉపాయం. మడ్‌గార్డు వంగకుండా వేసిన గాడి మా అచ్చుల వడ్రంగి బాబాయిది. మా తోడుచెయ్యిని కూడా ఆయన నల్ల ప్లాస్టిక్‌తో పోత పోయించాడు. నడుమ కంపెనీ గుర్తు చెక్కించాడు. దాన్ని చూపించి ఏదో సభలో గాజు బొమ్మ బహుమతిగా తెచ్చుకున్నాడు. మా ప్రెస్సులన్నిటికీ ఒక్కోటి బిగించి, చుట్టుపక్కల షెడ్లకు కూడా అమ్ముకున్నాడు. పిచ్చుక ఎడమ చేత్తో మూల లాగుతుంటే దిమ్మ దిగింది ఆ తోడుచెయ్యి వల్లే.

ఆ సాయంత్రానికల్లా సూపర్‌వైజర్ గోతం పట్టుకుని ప్రెస్సు ప్రెస్సుకీ తిరిగి తోడుచేతులన్నీ పీకేశాడు. షిఫ్టు దిగేటప్పుడు యజమాని కిందికొచ్చి మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. ఒంటికి అత్తరు పూసుకున్నాడు. రక్తం కడిగిన ఫినాయిలూ, ఆ అత్తరూ కలిసి భరించలేని కంపు కొట్టింది.

“మీరంతా నా ఇంటి మనుషులు. ఆ అమ్మాయి నా కూతురులాంటిది,” అని గొంతు తడి చేసుకున్నాడు. “కానీ సొంత తెలివి చూపించి బటన్లో ఏదో దోపింది. ఎల్లుండి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ గారొస్తారు. మీరు చూసింది చూసినట్టు చెప్పండి. తప్పు తనదైతే ఆస్పత్రి సంగతి నేను చూసుకుంటాను, అది నా మంచితనం. తప్పు నాదంటారా, కోర్టుకెళ్ళండి. ఈలోపు ఆస్పత్రి వాళ్ళు దాన్ని ఉంచుతారో, బయట పడుకోబెడతారో నాకు తెలీదు.”

కూతురులాంటిదన్న నోటితోనే ఆ మాట కూడా అన్నాడు.

మర్నాడు భోజనాల వేళ సైకిల్ స్టాండులో చేరాం. అందరూ ఒకేసారి అరిచారు. ఓవెన్ చూసే పొయ్యి మామ అందరికంటే పెద్దగా అరిచాడు.

“ఆవేశపడితే వేళ్ళు మొలుస్తాయా? ఒక్క అబద్ధం చెప్తే పిల్ల ఆస్పత్రిలో ఉంటుంది. చెప్పి పారేద్దాం.”

“నీ కూతురైతే చెప్తావా మామా?” అన్నాన్నేను.

“నా కూతురైతే ఇంకా ముందు చెప్తా! బతకనీరా ముందు. నీకేం, పెళ్ళాం పిల్లలు లేనోడివి, ఎన్ని కబుర్లైనా చెప్తావు.”

“సాక్ష్యం ఏదిరా అసలు? షీటు గ్రైండర్లో పోయింది. తోడుచేతులు గోతంలో పోయాయి,” అన్నాడు ప్యాకింగు వాడు. “మన మాట ఎవడు నమ్ముతాడు? పైగా తొలి చెక్కముక్క మనదే. ఆ సంగతి తవ్వితే మనమే లోపలికి పోతాం.”

అది నిజమే. సరిగ్గా అప్పుడు ఆస్పత్రి నుంచి అక్క వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ ఏడవడం లేదు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

“వేళ్ళు మూడు తీసేశారు,” అని తన ఎడమ చెయ్యి ఎత్తి మధ్య వేళ్ళు మూడూ మడిచి చూపించింది. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి. “రాత్రంతా ఒకటే అడిగింది. నా చెయ్యి పడ్డ ముక్క ఏం చేశారక్కా అని. ఏం చెప్పను? పిండి చేశారని చెప్పనా? యజమాని చెప్పింది కూడా చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను?”

“ఏమంది?” అన్నాడు పొయ్యి మామ.

“వేళ్ళు ఎలాగూ పోయాయి, తప్పు కూడా నా నెత్తిన రుద్దితే ఇంక ఏ షెడ్డులో నన్ను మనిషిగా చూస్తారు అంది. ఆస్పత్రి వాళ్ళు బయటికి పంపితే ఇంట్లో పడి ఉంటానంది. అబద్ధం చెప్పినవాళ్ళెవరూ నన్ను చూడ్డానికి రావద్దంది. నీ పేరు పెట్టి మరీ చెప్పింది మామా. నువ్వు ఒప్పుకుంటావని దానికి తెలుసు.”

పొయ్యి మామ మొహం మాడిపోయింది. తువ్వాలుతో చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని వడ్రంగి బాబాయి లేచాడు. “తొలి చెక్క మనదేనని మనమే ముందు చెప్పేద్దాం. దాచుకుంటే వాడి చేతిలో అదే కత్తవుతుంది. చెప్పేస్తే వాడి దగ్గర ఇంకేం ఉంటుంది?”

“చెప్పినా సాక్ష్యం లేదుగా బాబాయ్!”

“సాక్ష్యం గ్రైండర్లో వేస్తాడని ఏడుస్తున్నారు. ఎన్ని వేస్తాడు?” అంది అక్క ఉన్నట్టుండి. “అచ్చు మీద వెంట్రుక ఉంటేనే ముక్క ముక్కకీ పడుతుందని తిడతాడు కదా. వెంట్రుకే పడితే చెయ్యి పడదా?”

ఎవరో చప్పట్లు కొట్టబోతే బాబాయి కసిరాడు. సూపర్‌వైజర్ కిటికీ దగ్గరే టీ తాగుతున్నాడు.

పిచ్చుక కుడిచేతి గ్లోవు ప్రెస్సు పక్కనే పడి ఉంది. దాన్ని లోపలిది పైకి వచ్చేలా తిరగేస్తే ఎడమచేతిదైంది. ఆ మధ్యాహ్నం బాబాయి అచ్చులు సరిచేసే గదిలో దానినిండా ప్లాస్టరు పోశాడు. మధ్య వేళ్ళు మూడూ లోపలికి మడిచాడు. గట్టిపడేదాకా అక్క దాన్ని పట్టుకునే కూర్చుంది. మేం వంతులవారీగా వెళ్ళి చూసొచ్చాం, ఆస్పత్రికి వెళ్ళి పిచ్చుకను చూసినట్టే.

ఇన్‌స్పెక్టర్ వచ్చే పొద్దున, అచ్చు శుభ్రం చేసే వేళకు బాబాయి ఆ చేతిని మూడో ప్రెస్సు అచ్చు మీద, సరిగ్గా ఆ మూలనే బిగించాడు. పిచ్చుక నిలబడే చోట ఎవరు నిలబడాలా అని చూసుకుంటుంటే పొయ్యి మామ వచ్చి నిలబడ్డాడు. రెండు చేతులూ బారగా చాపి రెండు బటన్లూ నొక్కాడు.

మొదటి మడ్‌గార్డు లేచింది. దాని మీద చెయ్యి లేచింది. బొటనవేలు, చిటికెన వేలు, మధ్యలో మూడు మొండి గుర్తులు. రెండోదాని మీదా, మూడోదాని మీదా అదే చెయ్యి. వాటి అంచులూ నేనే కోశాను. ఈసారి కక్కుకోడానికి గోడ పక్కకు వెళ్ళలేదు. సూపర్‌వైజర్ ఇన్‌స్పెక్టర్ మర్యాదల కోసం పైనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఏసీ గదిలో బిస్కెట్లు తిని, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డులోకి వచ్చేసరికి, ముక్కలు లోడింగు గట్టు దాకా పేరుకున్నాయి. కొన్ని అప్పటికే గేటు బయట లారీల్లో ఉన్నాయి.

యజమాని ఒకటి ఎత్తి చూశాడు. పెదాలు తెల్లబడ్డాయి. “ఎవడి పని ఇది?”

“మా చెల్లి పనేనండి,” అంది అక్క. “మొన్న గ్రైండర్లో వేయించారు కదా. బయటికొచ్చింది.”

వడ్రంగి బాబాయి ఇన్‌స్పెక్టర్ ఎదురుగా వచ్చాడు. “అయ్యా, తొలి తోడుచెయ్యి చెక్కింది మేమే. తప్పే. ఎందుకు చెక్కాల్సొచ్చిందో మీరు అడగండి, చెప్తాం. దాన్ని పోత పోయించి, తన గుర్తు వేసి, ప్రతి ప్రెస్సుకీ బిగించింది ఈయన. బహుమతి బొమ్మ పైనే ఉంది. పక్క షెడ్లలో ఇంకా అవే నడుస్తున్నాయి, వెళ్ళి చూడండి.”

“అవన్నీ తర్వాత చూద్దాం,” అని నీళ్ళు నమిలాడు ఇన్‌స్పెక్టర్. యజమాని వైపు చూశాడు. బిస్కెట్ల పొడి ఇంకా వాడి మీసాలకే ఉంది. థూ అనిపించింది నాకు. పైకే అన్నాను.

“గ్రైండర్లో వెయ్యండి! అన్నీ వెయ్యండి!” యజమాని కేక పెట్టాడు. సూపర్‌వైజర్ చంకనిండా ముక్కలు పెట్టుకుని పరిగెత్తాడు. అక్క అప్పటికే గ్రైండర్ కరెంటు తీసేసి, దాని మూతి మీద కూర్చుంది.

“వెయ్యి. నా మీద వెయ్యి,” అంది.

వాడు ఆగిపోయాడు. ఒక్కో ప్రెస్సూ ఆగింది. షీటు మిషను ఆగింది. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో అరిస్తేగానీ మాట వినపడేది కాదు. ఇప్పుడు మా ఊపిరి మాకే వినపడింది. అప్పుడు పొయ్యి మామ గొంతు లేచింది. “పిచ్చుక తప్పు లేదు!” అందరం అందుకున్నాం. రేకుల కప్పు అదిరింది. కరపత్రం రాసి మాట్లాడ్డం మాకు రాదు. ఆ ఒక్క మాటనే గేటు బయటి డ్రైవర్లకు వినపడేదాకా అరిచాం.

పోలీసులు ఎప్పుడూ లేనంత తొందరగా వచ్చారు. అంబులెన్సు దొరకని చోటికి వ్యాను ఎంత వేగంగా వచ్చిందో! కంపెనీ సరుకు పాడుచేశామని అక్కనూ, బాబాయినీ, నన్నూ, పొయ్యి మామనూ ఎక్కించారు. “నన్నెందుకురా, నేను రాజీ మనిషిని!” అన్నాడు మామ కానిస్టేబులుతో. ఎక్కాక పగలబడి నవ్వాడు. అక్క ఒడిలో ప్లాస్టరు చెయ్యి ఉంది. లాక్కోబోయిన కానిస్టేబులు దాని వేళ్ళు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గేటు దగ్గర డ్రైవర్లు అప్పటికే స్పానర్లు తీసి పనిలో ఉన్నారు. పాత మడ్‌గార్డులు ఊడదీసి, చెయ్యి ఉన్నవి బిగిస్తున్నారు. ఒక లారీ మాకంటే ముందే కదిలింది. దాని వెనక చక్రాల మీద ఆ రెండు చేతులూ దుమ్ములో ఊగుతూ పోతుంటే వ్యాను జాలీలోంచి చూస్తూ కూర్చున్నాం. అక్క అప్పుడు ఏడ్చింది.

“నేను లోపలుంటే దాన్ని ఎవరు చూస్తారు?”

“మా ఆవిడ పొద్దున్నే వెళ్ళిందమ్మా,” అన్నాడు పొయ్యి మామ. “ఆస్పత్రి వాళ్ళు పొమ్మంటే మా ఇంటికే తెచ్చుకుంటుంది. నేను నిన్ననే చెప్పా. ఇప్పుడైనా నా మొహం చూస్తుందంటావా?”

ఆమె తల ఊపింది.

వీధి మలుపులో వ్యాను నెమ్మదించింది. ముందు పోయిన లారీ అక్కడి షెడ్డు గేటు దగ్గర ఆగి ఉంది. మనుషులు పని వదిలేసి చక్రాల చుట్టూ మూగారు. డ్రైవరు ఆ చేతిని చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. ఒకామె లోపలికి పరిగెత్తి, వెంటనే తిరిగొచ్చి, చేతిలోదాన్ని రోడ్డు మీద విసిరికొట్టింది. నల్లటి తోడుచెయ్యి, నడుమ మా కంపెనీ గుర్తు. తర్వాత ఇంకొకరు విసిరారు. ఎదురు షెడ్డు గోడ మీంచి కూడా వచ్చి పడ్డాయి. డ్రైవరు హారన్ కొట్టినా ఎవరూ తప్పుకోలేదు, వ్యానుకు వేరే దారీ లేదు.

మా చక్రాల కింద అవి పటపటా పగిలాయి.