ఆకు రాలిన నెలలో పంచనామా

పాఠం చెప్పేటప్పుడు కాశీనాథం సారు పుస్తకం తెరవడు. సిద్దిపేట నుంచి కోహెడ దారిలో ఉన్న ఆ ఊరి బడికి బస్సులో వచ్చిపోతూ ఇరవై రెండేళ్లుగా అదే సాంఘికశాస్త్రం చెబుతున్నాడు. ఏ పేజీలో ఏ అడవి ఉందో ఆయనకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. 1988 మార్చిలో ఒక ఉదయం, ఎనిమిదో తరగతి బల్లమీద ఆయన చెంబెడు నీళ్లు పెట్టి నిలుచున్నాడు.

"ఇంట్ల పదిమంది ఉన్నరు. నీళ్లు గీ చెంబెడే. ఏం చేస్తరు?"

"చుట్టాలను ఎల్లగొడ్తం సార్," అంది ముందు వరుసలోని జ్ఞానేశ్వరి.

తరగతి గొల్లుమంది. సారు కూడా నవ్వాడు.

"చెట్టు చేసేది గదే. వానకాలంల ఆకు చెట్టుకు వండి పెడ్తది. ఎండకాలంల ఊకె కూసొని నీళ్లు తాగుతది. అందుకే చెట్టు దాన్ని రాల్చుకుంటది. గది దాని తెలివి. ఆకు లేనంత మాత్రాన సచ్చిపోయినట్టా?"

"కాదు సార్!" అన్నారు నలభైమందీ ఒక్క గొంతుతో.

అదే సమయానికి మండలాఫీసు గిర్దావరు నాగేశం వరండాలోకి వచ్చి, తలుపు దగ్గర చెయ్యెత్తి నమస్కారం చేశాడు. సంకలో ఫైలు, చేతిలో కలం. కాశీనాథం చెంబును అలాగే వదిలి బయటికి వచ్చాడు.

పట్వారీల పద్ధతి పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఆ ఊళ్లో గోడ కూలినా, గొడ్డు చచ్చినా, బావి పూడినా, ఏ పంచనామా రాసినా ఐదో సంతకం బడి సారుదే. మొదటి నాలుగూ వేలిముద్రలు. ఐదోది ఒద్దికగా వంపులు తిరిగిన కాశీనాథం సంతకం. అది ఉన్న కాగితాన్ని పై ఆఫీసులో ఎవరూ తిరిగి ప్రశ్నించరు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు కాని, లోలోపల ఆయనకది చిన్న గౌరవం.

"ఏడాది ఆఖరు సార్," అన్నాడు నాగేశం. "నల్లగుట్ట మీద ఎండిపోయిన చెట్లు రెండువందల పదకొండు. వేలం ఏసి, వానలు పడంగనే గాడ కొత్త మొక్కలు పెట్టాలె. మండలానికి ఇన్ని ఎకరాలని పైనుంచి వచ్చింది. మీదొక్క సంతకం."

"లెక్క వెట్టిందెవలు?"

"మన ఊరి కావలి, మస్కూరి అంజన్న. గుట్ట ఎక్కుదమంటే ఎక్కుదం సార్. నా పన్నెండు గంటల బస్సు పోతది, గంతే."

కాశీనాథం వరండా అంచున నిలబడి చూశాడు. రెండు పొలాల అవతల నల్లగుట్ట. ఈ వైపంతా మద్ది, తునికి, చిరుమాను. ఒక్క ఆకు లేదు. ఎండలో బూడిద రంగు కొమ్మలు, వాటి నడుమ రాళ్లు. నాలుగు వేలిముద్రలు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. లోపల పిల్లలు చెంబు చుట్టూ మూగి అల్లరి చేస్తున్నారు. ఆయన కలం అందుకున్నాడు.

తరగతి గడపకు ఆ వైపున తాను ఇప్పుడే చెప్పినదానికీ, ఈ వైపున సంతకం చేసినదానికీ ఉన్న సంబంధం ఆ క్షణాన ఆయనకు తోచనే లేదు. ఎందుకు తోచలేదో తరువాత ఎన్నోసార్లు ఆలోచించాడు. పాఠం పరీక్షకని, కాగితం ఆఫీసుకని ఇరవై రెండేళ్లలో ఆయన మనసు కూడా రెండు గదులుగా కట్టుకున్నదేమో. అంతకు మించిన సమాధానం ఆయనకు దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పెంటవ్వ బడి గేటు దగ్గర నిలబడి ఉంది. మోదుగాకులతో ఇస్తార్లు కుట్టి, కట్టలు కట్టి, సిద్దిపేటలో పెండ్లిళ్లకు అమ్ముకొని బతికే ముసలమ్మ. ఆమె ఆకు కోసేది నల్లగుట్ట మీదనే.

"ఏమయ్యా సారూ, నల్లగుట్టను నువ్వే సంపినవట గదా?"

"నేనేం చేసిన పెంటవ్వా?"

"అంజన్న చెట్టు చెట్టుకు జాజు పూస్తుండు. ఏందిరా అంటే, సచ్చిన చెట్లట, సారు సంతకం పెట్టిండట. నా మోదుగులకు గూడ పూసిండు. పూలు పూసిన చెట్టును సచ్చిందని రాసిన సదువు, ఏం సదువయ్యా నీది?"

కాశీనాథం ఆ పూటే ఆమె వెంట గుట్ట ఎక్కాడు. బడికి కనిపించని అవతలి వాలు మీద మోదుగులు నిప్పు రాజుకున్నట్టు పూసి ఉన్నాయి. ఒక్కొక్క మొదలు మీద ఎర్రజాజు గీత. పెన్సిళ్లు చెక్కే బ్లేడు జేబులోంచి తీసి, ఆయన ఒక మద్ది కొమ్మ మీది బెరడును గోరంత గీరాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. ఇంకో చెట్టు గీరాడు. ఇంకోటి. అన్నీ పచ్చిగానే ఉన్నాయి. చెమటలు కారుతుండగా ఆయన చెట్టు నుంచి చెట్టుకు పోతూనే ఉన్నాడు.

"సాలు తియ్యి సారూ," అంది పెంటవ్వ రాయి మీద కూలబడి. "మనిషి బతికున్నడో సచ్చిండో తెల్వనీకి తోలు గీరి చూస్తరా? నన్నడిగితే చెప్పకపోదునా?"

మర్నాడు సెలవు పెట్టి ఆయన సిద్దిపేటలో మండలాఫీసుకు పోయాడు. తడిగుడ్డలో చుట్టిన నాలుగు కొమ్మలు, రెండు పేజీల అర్జీ చేతిలో ఉన్నాయి. వరండాలో నాగేశం ఎదురయ్యాడు. సంగతంతా విన్నాడు.

"సార్, నాకు చెట్ల సంగతి తెల్వది. మీకు తెల్సు. అందుకనే గదా మీ తాన సంతకం తీసుకున్నది."

లోపలి పెద్దసారు కోస్తా జిల్లా మనిషి. కొమ్మను చేతిలోకి తీసుకొని, బెరడు గీసి ఉన్నచోట బొటనవేలు ఆనించాడు.

"మీరు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం మాస్టారూ. నేనూ బోటనీయే చదివాను. ఆకు రాల్చడం వాటి స్వభావం."

"మరి వేలం ఆపున్రి సార్."

"ఏమని ఆపను? కాగితం మీద ఉన్నది మీ సంతకమే. అది తప్పని మీరే రాసిస్తే మీ మీద చర్య తీసుకోవాలి."

"తీసుకోన్రి. నేను రాసే తెచ్చిన."

"తీసుకున్నా వేలం ఆగదండీ. ఫైలు జిల్లాకు వెళ్లిపోయింది. ముప్పై ఒకటిలోపు పని చూపించాలి. తిరిగి పరిశీలించమని నేను రాస్తాను. జూన్ తర్వాత ఎవరో ఒకరు వస్తారు. చిగుళ్లు వేస్తే మీ మాట రుజువైపోతుందిగా."

"అప్పటికి చెట్లుండాలె గద సార్."

పెద్దసారు అర్జీ మీద ముద్ర వేయించి, నకలు ఇప్పించి, చాయ్ తెప్పించాడు. ఆయన చెడ్డవాడు కాడు. కాశీనాథానికి అదే మింగుడు పడలేదు. తిట్టిపోయడానికి కూడా ఎదుట ఎవరూ లేరు.

వేలం అయిపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో దూరపు ఊళ్ల నుంచి నరికే కూలీలు ట్రాక్టరులో వస్తున్నారని తెలిసింది. ఆ పొద్దున పెంటవ్వ కొంగులో పసుపు, కుంకుమ కట్టుకొని, చంకలో ఒక నున్నటి రాయి పెట్టుకొని బడికి వచ్చింది.

"గుట్ట మొదట్ల దీన్ని పెడ్త. పోచమ్మ తల్లి అంటే ఎవ్వడు గొడ్డలి లేపడు. నువ్వు ఏం అనకు సారూ. గంతే. నోరు మూసుకొని ఉండు."

రాయికి బొట్టు పెట్టినా రాయి రాయే అని ఆ ఊరికి చెప్పినవాడు కాశీనాథమే. ప్రతి ఏడూ చెప్పేవాడు. ఇప్పుడు ఆయన లెక్క వేసుకున్నాడు. తునికి కొనలు అప్పటికే ఉబ్బుతున్నాయి. ఇంకొక్క వారం గడిస్తే గుట్టంతా చిగురు పడుతుంది. సిద్దిపేటలో ఫోటో స్టూడియో అతనితో మాట్లాడుకున్నాడు. ఆ చిగురును ఫోటో తీయించి జిల్లా ఆఫీసు బల్ల మీద పెడితే ఇక ఎవరూ కాదనలేరు. కావలసింది ఒక్క వారం. పెంటవ్వ వైపు చూడకుండా ఆయన తరగతిలోకి పోయాడు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు.

రాయి పని చేసింది. కూలీలు దాన్ని చూసి, దండం పెట్టి, గొడ్డళ్లు పక్కన వేసి చింతచెట్టు కింద బీడీలు ముట్టించారు. మొదటి రోజు అంతే. రెండో రోజూ అంతే. సాయంత్రం కాశీనాథం గుట్ట ఎక్కి చూస్తే తునికి కొనల మీద రాగిరంగు చిగుళ్లు, చీమ తలకాయంత. రాయికి శక్తి లేదన్నది ఇప్పటికీ నిజమే. కాని భయానికి ఎంత శక్తి ఉందో తానెన్నడూ కొలిచి చూడలేదని ఆయనకు అప్పుడు తోచింది.

మూడో రోజు గుత్తేదారు మనిషి మోటారుసైకిలు మీద వచ్చాడు. నీలం చొక్కా, చేతికి గడియారం.

"నమస్తే సార్! గుర్తువడ్తినా? ఇస్తారిని. మీ దగ్గర చదివిన, ఎనభైల పది పాసైన."

"ఇస్తారీ! బాగున్నవా బిడ్డా?"

"మీ దయ సార్." అతడు కూలీల వైపు తిరిగాడు. "మా సారు ఈయనే. మేం ఎనిమిదిల ఉండంగ గిసొంటి రాయికే బొట్టువెట్టి బల్ల మీద పెట్టిండు. ఎవలు తొక్కుతరో రాన్రి అన్నడు. అందరు ఎనుకకు జరిగిన్రు. నేనే తొక్కిన. చూడున్రి నా కాలు, ఏమన్న అయిందా?" మళ్లీ ఇటు తిరిగి అడిగాడు. "అవునా కాదా సార్? జెర మీరే చెప్పున్రి వీళ్లకు."

కూలీలు లేచి నిలబడ్డారు. పెంటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని సారు ముఖంలోకే చూస్తోంది. ఒక్క 'కాదు' చాలు. ఇంకో నాలుగు రోజులు దొరుకుతాయి. కాశీనాథం నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్లు తరగతి ముందు నిలబడిన గొంతు అది. ఎదుట ఉన్నది ఆ తరగతిలో కాలెత్తిన పిల్లవాడు. వాడికి కాదని చెప్పడం ఆ గొంతుకు చేతకాలేదు.

"రాయే," అన్నాడు ఆయన. "కని ఇస్తారీ, చెట్లు బతికున్నయి. చిగురు సూడు."

'రాయే' అన్నది అందరికీ వినిపించింది. మిగిలింది ఇస్తారి ఒక్కడే విన్నాడు.

"తెల్సు సార్," అన్నాడు మెల్లగా. "ఆకురాల్చే అడవులు, నాలుగు మార్కులు. నాకు నాలుక్కు నాలుగు ఏసిన్రు మీరు. కని వేలంల పాట పాడింది మా సేటు. నాది నెల జీతం."

పెంటవ్వ వంగి తన రాయిని తీసి మళ్లీ చంకలో పెట్టుకుంది.

"నువ్వు అబద్ధం ఆడవని నాకెర్కనే సారూ," అంది పోతూ పోతూ. ఆ మాటలో కోపం లేదు.

నరకడానికి నాలుగు రోజులు పట్టింది. రెండువందల పదకొండే కాదు, జాజు లేనివి కూడా పోయాయి. బడి వరండాలోకి గొడ్డలి చప్పుడు వస్తుంటే పిల్లలు వార్షిక పరీక్షలు రాశారు. ఫోటో స్టూడియో అతను చెప్పిన రోజుకు కెమెరాతో వచ్చి, ఏం తీయాలి సార్ అని అడిగాడు.

తిరిగి పరిశీలించడానికి జూన్‌లో ఎవరూ రాలేదు. వానలు వచ్చాయి. జూలైలో వనమహోత్సవం పెట్టారు. బడి పిల్లలంతా నల్లగుట్ట మీద నీలగిరి మొక్కలు నాటాలని ఉత్తరువు. తాడు పట్టి, ఆరడుగులకు ఒక సున్నపు చుక్క పెట్టారు. కాశీనాథం పిల్లలకంటే ముందే ఎక్కాడు. నరికిన మొదళ్ల చుట్టూ, నేలలో మిగిలిన వేళ్ల నుంచి, మోదుగు పిలకలు మూడేసి ఆకులతో లేస్తున్నాయి. తునికి, మద్ది కూడా మొలిచాయి. ఈసారి ఆయన ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. నూట ఎనభై ఆరు. మొక్కలు నాటే జాగకని నాగేశం తెచ్చిన పంచనామాలో 'ఖాళీ జాగ' అని రాసి ఉన్నచోట ఆ సంఖ్య రాసి, 'సజీవంగా ఉన్నవి' అని చేర్చి సంతకం చేశాడు.

నాగేశం చదివి, తల గోక్కున్నాడు. "ఫారంల దీనికి జాగ లేదు సార్. మిమ్మల్ని తిప్పలవెట్టను. డ్రిల్లు సారుతోటి కొత్త కాగితం మీద పెట్టించుకుంట." నిజంగానే నొచ్చుకుంటూ చెప్పాడు. కాగితాన్ని చించకుండా మడిచి కాశీనాథం చేతికే ఇచ్చాడు.

కింద దారి మీద పెంటవ్వ బెజ్జంకి బస్సు కోసం నిలబడి ఉంది. ఇప్పుడు ఆకుకు అక్కడిదాకా పోతోంది. బస్సు కిరాయి పోను ఇస్తార్ల మీద ఏమీ మిగలడం లేదని ఊళ్లో అంటున్నారు. ఆమె ఇటు చూడలేదు.

"సార్!" జ్ఞానేశ్వరి గడ్డపార పట్టుకొని పిలిచింది. "సున్నపు చుక్క గీడ ఉన్నది. కింద మోదుగు వేరొచ్చింది. పక్కకు తవ్వనా?"

"లైను తప్పొద్దు పాపా," అన్నాడు తాడు పట్టినవాడు వెనక నుంచి. "పెద్దసార్లు వచ్చి చూస్తరు."

పిల్ల సారు వైపే చూస్తోంది. ఆయన ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. ఆ పని పిల్లచేత చేయించడం ఇష్టం లేకనే తీసుకున్నాడు. అంతకన్నా పెద్ద ఆలోచన ఏదీ ఆయన దగ్గర మిగలలేదు. రెండు పోట్లకు వేరు తెగింది. తెగినచోట తడి ఉబికింది.

జ్ఞానేశ్వరి వంగి వేలితో తాకి చూసింది.

"బతికే ఉన్నది సార్."

"ఉన్నది బిడ్డా."

"మరి?"

తాడు పట్టినవాడు తరువాతి చుక్క దగ్గరికి రమ్మని కేకేస్తున్నాడు. కాశీనాథం గడ్డపార భుజాన వేసుకొని అటు నడిచాడు.