కింద పెట్టరాని దండ

డ్రోన్ పైకి లేచిందంటే అందరూ తలెత్తి దాన్ని చూస్తారు. నేను మాత్రం ముందు నా బిడ్డ ఎక్కడుందో చూస్తాను. నీలికి రెండేళ్లు నిండాయి. ఆ తిరిగే రెక్కల దగ్గరికి ఎప్పుడు ఉరుకుతుందోనని నా భయం.

నా భయం చూసి నవ్వనివాళ్లు మా తండాలో లేరు. ఆటబొమ్మకు జడిసే కోడలు దొరికిందని మా అత్త తుల్సీబాయి నల్లా దగ్గర అందరికీ చెప్పింది. కానీ ఆ భయం ఊరికే రాలేదు. మా ఆయన శివాజీ డ్రోన్‌ను నేల మీద దింపడు. ఘనపూర్ దగ్గరి మా తండాలో నేలంతా దుమ్ము, గులకరాళ్లు. దుమ్ము మోటారులోకి పోతే మిషన్ పాడవుతుందని, చేయి చాచి అరచేతిలోనే దించుకుంటాడు. అది కిందికి వస్తుంటే నీలి కూడా అతని పక్కన రెండు చేతులూ పైకెత్తి నిలబడుతుంది. అతనికి అదొక ముచ్చట. ఫోన్లో తీసి చుట్టాలందరికీ పంపాడు. పిల్ల చూస్తుండగా అట్లా దించొద్దని నేను ఎన్నిసార్లు చెప్పినా, బిడ్డ పైలట్ అవుతుందిలే అని నవ్వేవాడు. అతను ఇంటర్ చదివాడు. నన్ను ఎనిమిదిలోనే బడి మాన్పించారు. మిషన్ సంగతుల్లో నా మాట అంతకన్నా ముందుకు పోయేది కాదు.

ఆ రోజు మొగుళ్లపల్లిలో ప్రభాకర్ పటేల్ బిడ్డ పెళ్లి. ఆయన మామిడితోటలోనే పందిరి వేశారు. ఫొటోలు, వీడియోలు హన్మకొండ వాళ్లవి, డ్రోన్ ఒక్కటే మాది. అత్తకు కూడా అక్కడే గిన్నెలు తోమే పని దొరికింది. వంటల డేరా వెనుక, నీళ్ల ట్యాంకర్ పక్కన తండా ఆడవాళ్లంతా కూర్చుని తోముతున్నారు. నీలిని అత్త దగ్గరే వదిలాను. డ్రోన్‌కు ఎంత దూరముంటే అంత మంచిది, వంటల వెనుక అయితే ఏ భయమూ లేదనుకున్నాను.

నా పని రెండో బ్యాటరీ పట్టుకుని శివాజీ పక్కన నిలబడటం. డ్రోన్ దిగగానే పాతది తీసి కొత్తది పెట్టేది నేనే. ఎండకు వేడెక్కకుండా దాన్ని కొంగులో చుట్టి పట్టుకున్నాను.

దండలు మార్చుకునే వేళకు పెళ్లికూతురి దండ ఆకాశంలోంచి దిగి రావాలని పటేల్ కోరిక. వాళ్ల వియ్యాలవారి ఇంట్లో ఎవరి పెళ్లికో అట్లా జరిగిందట. దండ వాడిపోతుందని పటేల్ భార్య కౌసల్యమ్మ దాన్ని బకెట్ నీళ్లలో ముంచి తీయించింది. తడిస్తే బరువెక్కుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది అని శివాజీ మెల్లగా చెప్పాడు. పువ్వులు కూడా మోయలేని మిషన్‌ను ఎందుకు తెచ్చినవయ్యా అని ఆమె అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పంతులు మంత్రం చదివి, నీళ్లు కారుతున్న దండను తన చేతులతోనే డ్రోన్‌కు కట్టి, పెళ్లికూతురిని తీసుకురావడానికి లోపలికి పోయాడు.

డ్రోన్ లేచింది. పెళ్లికూతురు మాత్రం రాలేదు. జడ సరిగ్గా కుదరలేదని మళ్లీ వేస్తున్నారట. ముందు వరుసలో సోఫాలు, వాటిలో పెళ్లికొడుకు వాళ్లు, వాళ్ల నెత్తిన దండ మోసుకుంటూ డ్రోన్ అక్కడే ఆగి ఉంది. శివాజీ చేతిలోని రిమోట్ తెర మీద బ్యాటరీ అంకెలు తగ్గిపోతున్నాయి. కాసేపటికి ఎర్రగా మారాయి. మిషన్ కూతపెడుతోంది కానీ డీజే చప్పుడులో అది మా ఇద్దరికే వినిపించింది.

బ్యాటరీ మరీ తగ్గిపోతే డ్రోన్ మన మాట వినదు. తనంతట తానే కిందికి దిగుతుంది. పక్కకు నెట్టగలమే గాని, దిగకుండా ఆపలేం. అందుకే ఎర్రబడగానే దించి మార్చాలి. శివాజీ పోయి, పటేల్ ముందు చేతులు జోడించినట్టే నిలబడ్డాడు.

"పటేలా, జర దించి బ్యాటరీ మార్చుకుంట. గంతే, మల్ల లేపుత."

"దండతోనా?"

"దండ కింద పెట్టం పటేలా. నా భార్య పట్టుకుంటది."

పటేల్ నా వైపు చూశాడు. నా చేతుల వైపు చూశాడు.

"పంతులు మంత్రం జదివి కట్టిన దండ. నీ భార్య చేతులల్లకెళ్లి తీసి నా బిడ్డ మెడల ఏస్తనా? ఏం మాట్లాడుతున్నవో సోయి ఉన్నదా?"

పోనీ దండ పట్టుకోవడానికి పంతులును పిలిపించమని శివాజీ అడిగాడు. ఇంకేం, పెళ్లాపి నీ బ్యాటరీ పని చూద్దామా అన్నాడు పటేల్. సోఫాలోంచి ఎవరో, లంబాడాయనకు విమానం ఇస్తే గిట్లనే ఉంటది అన్నారు. మళ్లీ నవ్వులు. శివాజీ కూడా నవ్వాడు. అతని చెవి వెనుక నుంచి చెమట కారడం నేను చూశాను.

అంతలోనే డ్రోన్ దిగడం మొదలుపెట్టింది. సోఫాల్లో వాళ్లు అదంతా ప్రోగ్రామే అనుకుని ఫోన్లు పైకెత్తారు. శివాజీ రెండు బొటనవేళ్లతోనూ పైకి నెడుతున్నాడు. అది కొంచెం ఆగినట్టు చేసి, మళ్లీ దిగుతోంది. దండ తోక ఒక పెద్దమనిషి తలపాగాకు తగిలేంత దగ్గరికి వచ్చాక గానీ పటేల్‌కు అర్థం కాలేదు. ఉరికొచ్చి శివాజీ భుజం పట్టుకున్నాడు.

"అటు వంటల దిక్కు తోలు. అటు ఎవ్వరు లేరు."

శివాజీ అటు తిప్పాడు.

నేను ఉరికాను. కుర్చీల మధ్య నుంచి, అన్నం గంగాళం మోసుకొస్తున్న వాళ్లను తోసుకుంటూ ఉరికాను. నెత్తి మీద డ్రోన్ నన్ను దాటిపోయింది. దండలోంచి నీళ్లు నా ముఖం మీద పడ్డాయి. వంటల డేరా దాటేసరికి ఆడవాళ్లు గిన్నెలు వదిలేసి ట్యాంకర్ కిందికి దూరుతున్నారు. అత్త సబ్బు చేతులతో లేవబోయి, జారి, బురదలో మోకాళ్ల మీద పడింది.

నీలి ఖాళీ జాగాలో నిలబడి ఉంది. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు తెరిచి.

నేను పిలిచాను. నా వైపు తిరిగి నవ్వింది. చేతులు మాత్రం దించలేదు.

ఆ దెబ్బ నాకు గుర్తు లేదు, నీలి కేక ఒక్కటే గుర్తుంది. రెక్కలకు దండ చుట్టుకుని మిషన్ ఆగిపోయింది. బంతిపూల రేకుల మీద, గిన్నెల మీద, అత్త చీర మీద రక్తం. కుడిచేయి వేళ్లు, చెంప. నేను బ్యాటరీని నడుము దగ్గర దోపుకుని, దాని చేతిని కొంగులో చుట్టేశాను. ఏ వేలు ఎంత తెగిందో చూసే ధైర్యం నాకు లేదు.

మొదట వచ్చింది కౌసల్యమ్మ. ఎంగిలి నీళ్లలో పడిన దండను చూసి, ముక్కు మీద కొంగు పెట్టుకుని, ఐస్ పెట్టెలోని ఇంకో దండ తీయండి అని కేకేసింది. ఇంకోటి తెచ్చే ఉంచారట. తర్వాత పటేల్ వచ్చాడు. పెళ్లి కార్లు పూలతో కట్టి ఉన్నాయి, అవి కదలవన్నాడు. కూరగాయలు తెచ్చిన ఆటోలో పొమ్మన్నాడు. నేను పిల్లనెత్తుకుని ఆటో ఎక్కుతుంటే దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"దవాఖానల ఫ్యాను తాకిందని చెప్పుండ్రి. డ్రోన్ అంటే పోలీసులొస్తరు. పర్మిషన్ లేకుంట ఎగరేసింది మీరే, నేను గాదు."

శివాజీ అప్పుడు వచ్చాడు. నీలిని చూశాడు, తల నిమిరాడు. అతని చేతిలో డ్రోన్ ఉంది. రెక్కలు విరిగాయి గాని లోపల ఏమీ కాలేదని, వేరే రెక్కలు పెడుతున్నానని చెప్పాడు. ఆటోలోకి చేయి చాచాడు. పిల్లను ఇవ్వమంటున్నాడనుకున్నాను.

"బ్యాటరీ ఇయ్యి" అన్నాడు. "పెండ్లి అయ్యేదాక ఉండాలె."

నేను ఇచ్చాను. అత్త కూడా ఎక్కాక ఆటో కదిలింది. వెనుక డీజే మళ్లీ మొదలైంది.

భూపాలపల్లి దవాఖానలో డాక్టరమ్మ చెంపకు కుట్లు వేసింది. రెండు వేళ్ల కొసలు ఇక రావని చెప్పింది. ఎట్లా జరిగిందని అడిగితే అత్త ముందే ఫ్యాను అనేసింది. కట్టు కడుతున్న నర్సు నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. పసిపిల్లను ఫ్యాను దగ్గర వదిలి ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది. నీలాంటి వాళ్లకు పిల్లలెందుకని కూడా అంది. అత్త తల వంచుకుంది. నా బిడ్డ కోసం నేను భయపడటం చాలదని ఒకరు అనగా వినడం, పెళ్లయినాక నాకు అదే మొదటిసారి.

చీకటి పడుతుండగా శివాజీ వచ్చాడు. పెళ్లివాళ్లు ఇచ్చిన లడ్డూల పెట్టె తెచ్చాడు. మందుకు నిద్రపోయిన నీలి నా భుజం మీద ఉంది. దవాఖాన వరండాలో అతను నా పక్కన కూర్చున్నాడు. డ్రోన్ కెమెరా కిందికే చూస్తుందని, కింద ఏముందో తెర మీద కనపడుతుందని నాకు తెలుసు. అయినా అడిగాను.

"నీలి కనపడ్డదా?"

లడ్డూల పెట్టెను బెంచీ కింద పెట్టాడు.

"కనపడ్డది."

"వెనుకకు తిప్పలేకపోయినవా?"

"వెనుక పెండ్లికొడుకు వాళ్లున్నరు ఊర్మిళా." అతని గొంతులో కోపం లేదు, ఏడుపు కూడా లేదు. లెక్క చెబుతున్నట్టే ఉంది. "వాళ్లల్ల ఒక్కరికి తాకినా తండాల మనల్ని బతకనియ్యరు. నీలి అయితే మన పిల్లనే గదా. మనమే పడ్తం."

పక్క బెంచీ మీద కూర్చున్న అత్త, అది నిజమే అన్నట్టు తలూపింది.

శివాజీ పిల్లను ఇటివ్వమని చేతులు చాచాడు. నేను నీలిని అతని వైపు భుజం మీంచి తీసి, అవతలి భుజం మీద వేసుకున్నాను.