ఆకుపచ్చ ఒప్పందం

ఫోటో పెట్టడానికేం రోగం ఈ హిల్లాకి, నిన్న సాయంత్రం నుంచీ అడుగుతుంటే ఇదిగో అదిగో అంటుందే తప్ప, జుట్టుకి రంగు వేసుకున్నవాళ్లు ముందు చేసే పనే అద్దం ముందు నిలబడి ఫోటో తీసుకోవడం కదా, అసలు వేసుకుంటేగా తీయడానికి, అనుకుంది పిల్వి బస్సు కిటికీకి తల ఆనించి, వెంటనే వెనక్కి లాక్కుంది, గాజుకి తన జుట్టు రంగు అంటిందేమోనని, అంటలేదు, గడ్డిపచ్చ కాదు చిలకపచ్చ కాదు, చలికాలం రాత్రి ఆకాశంలో ధ్రువకాంతులు కదిలేటప్పటి పచ్చ ఇది అని హిల్లాయే చెప్పింది, డబ్బాలు రెండూ తనే కొనుక్కొచ్చింది, ఒకటి నీకు ఒకటి నాకు, శనివారం ఎవరింట్లో వాళ్లం వేసుకుందాం, ఆదివారం బస్సులో కలుద్దాం, సోమవారం ఔలు పట్నంలో కాలేజీ మెట్లెక్కుతుంటే మనల్ని చూసి అందరూ నోళ్లు తెరవాలి, ఒట్టేనా, ఒట్టే అంది తను, ఆ మాట అంటున్నప్పుడే హిల్లా కళ్లల్లో ఏదో నవ్వు కదిలినట్టు అనిపించింది, ఆ నవ్వు తనకి కొత్త కాదు.

ఎందుకు కొత్త కాదంటే చెరువు, చిన్నప్పుడు ఒక మే నెలలో, మంచు అప్పుడే కరిగిపోయిన చెరువు, ఒకటి రెండు మూడు అనగానే ఇద్దరం కలిసి దూకుదాం అంది హిల్లా, తను దూకింది, గుండె ఆగిపోయేంత చలి, పైకి తేలి చూస్తే హిల్లా చెక్కవంతెన మీద పొడి బట్టలతో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది, నిజంగా దూకుతావనుకోలేదే పిచ్చిదానా, అంది, మర్నాడు బడిలో ఆ కథ హిల్లాయే చెప్పి అందర్నీ నవ్వించింది, ఆ రోజు ఒడ్డుకి రాగానే తువ్వాలు ఇచ్చింది కూడా హిల్లాయే, నిజమే, కానీ ఇచ్చిన తువ్వాలు ఎవరికి గుర్తుంటుంది.

బస్సులో ఎవరి సీట్లో వాళ్లు, ఎవరి పక్కనా ఎవరూ లేరు, డ్రైవరు టిక్కెట్టు చూసి తల చూసి ఊఁ అన్నాడు, ఆ ఊఁ టిక్కెట్టుకా తలకా, ముందు సీట్లో ముసలావిడ ఎక్కేటప్పుడు ఒక్కసారి చూసి బయటి చెట్ల వైపు తిరిగిపోయింది, అమ్మ కూడా అంతే, రంగు చూసి ఊఁ అని బంగాళదుంపలు చెక్కుతూ కూర్చుంది, కానీ రాత్రి నేను సౌనాకి రానమ్మా, ఈ వారం ఆవిరిస్నానం నాకొద్దు అన్నాక చూడాలి అమ్మ ముఖం, చేతిలో కత్తి ఆగిపోయింది, శనివారం సౌనాకి రావా, జ్వరమా, కడుపునొప్పా, లేదమ్మా, రంగు కొత్తది, ఆవిరికి కారిపోతుందట, డబ్బా మీద రాసుంది, రంగు కోసం శనివారం సౌనా మానేస్తారటే ఎవరైనా, నిజం చెప్పు, వీపు మీద పచ్చబొట్టేమైనా పొడిపించుకున్నావా, తిరుగు, చొక్కా ఎత్తు, చివరికి వీపు చూపించాల్సొచ్చింది, అనుమానం తనకి ఎక్కడ్నుంచి వచ్చిందో వేరే చెప్పాలా, అమ్మా నాన్నా ఎర్రబడ్డ ముఖాలతో ఆవిర్లు కక్కుతూ బయటికొస్తుంటే తను వంటింట్లో ఒంటరిగా కూర్చుని ఫోను చూసుకుంది, ఫోటో రాలేదు.

రాదు కూడా, హిల్లా మామూలు గోధుమరంగు జుట్టుతో బస్సెక్కుతుంది, నిజంగా వేసుకుంటావనుకోలేదే అంటుంది, రేపు మెట్ల మీద తనని చూపించి చెరువు కథ కూడా కలిపి చెబుతుంది, అప్పుడు తనేం అనాలి, ఏడవకూడదు, అరవకూడదు, పర్వాలేదులే హిల్లా అనాలి, మెల్లగా అనాలి, అని బ్యాగు తీసుకుని వెనక సీటుకి వెళ్లిపోవాలి, అంతే, ఇక మాట్లాడక్కర్లేదు, పర్వాలేదులే హిల్లా, పెదవులు కదలకుండా మళ్లీ అనుకుంది, ఈసారి ఇంకా బాగా కుదిరింది.

బస్సు నెమ్మదించింది, రోడ్డు పక్క పాల క్యాన్లు పెట్టే పాత చెక్కదిమ్మె మీద హిల్లా కూర్చుని ఉంది, తల మీద టోపీ, ఎండాకాలం ఇంకా పోకముందే ఉన్ని టోపీ, అదిగో, చెప్పానా, దాస్తోంది, హిల్లా ఎక్కింది, ఇన్ని ఖాళీలుండగా తన పక్కనే వచ్చి కూలబడింది, నవ్వొద్దు, ముందే చెబుతున్నా నవ్వావంటే చంపేస్తా, అని టోపీ తీసింది, పచ్చ, పచ్చే, కానీ వెలిసిపోయి, చారలు చారలుగా, ఒకచోట నాచు రంగు ఒకచోట గోధుమ, చెవులు మాత్రం నిండా పచ్చ, ఏం చేయనే, తాతయ్య కట్టెలు పేర్చి పొయ్యి వెలిగించాడు, నువ్వెళ్లిపోయే ముందు ఆఖరి శనివారం అని ఆవిరిలో ఒంటికి తట్టుకోవడానికి తాజా బిర్చి కొమ్మలు కోసి కట్ట కట్టాడు, రానని ఏ నోటితో చెప్పను, మెడ మీంచి పచ్చ కారుతుంటే ఆయనకి నవ్వాగలేదు, ఫోటో పెడదామంటే భయమేసింది, కావాలనే కడిగేసుకున్నానంటావు, నీకసలే అనుమానం, అవునూ నీదేమిటి ఇంత పచ్చగా, నువ్వు... మానేశావా, ఒట్టు వేశామని శనివారం సౌనా మానేశావా నువ్వు, హిల్లా కళ్లు నిండిపోయాయి, చెరువులో కూడా నువ్వే దూకావు, నేనెప్పుడూ ఇంతే, అంది, ఆ వెలిసిన తల తెచ్చి పిల్వి భుజం మీద పెట్టింది.

ఇప్పుడు గుండె తేలికపడాలి, వేసుకుంది కదా, మోసం లేదు కదా, పడలేదు, ఏదో చేజారిపోయినట్టు ఒళ్లంతా నీరసం, ఎందుకని, చిన్నప్పట్నుంచీ పిల్వీహిల్లా పిల్వీహిల్లా అని ఒకే పేరులా పిలిచారు బడిలో, రేపు ఆ మెట్ల మీద కూడా రెండు పచ్చ తలలు, మళ్లీ ఒకే పేరు, నిన్న రాత్రి వంటింట్లో ఫోను తెరిచిన ప్రతిసారీ ఫోటో లేకపోతే గుండె దిగజారలేదు, కుదుటపడింది, ఇప్పుడు గుర్తొస్తోంది, హిల్లా మాట తప్పితే బంధం తెంచిన పాపం హిల్లాదే అవుతుంది, తను మంచిదానిలా పర్వాలేదులే అని ఒక్కతే వెళ్లొచ్చు, భుజం మీద హిల్లా తల బరువుగా, నమ్మకంగా ఉంది, దాన్ని కదిలించడానికి పిల్వికి చెయ్యి రాలేదు, తను ఇన్నాళ్లూ అనుమానం అనుకున్నది అనుమానం కాదు, ఆశ.