సుద్దక్క చెవిలో ఈల

సుద్దక్క సుద్దముక్కతో రోడ్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసిందంటే దాని కింద నీళ్లున్నట్టే. ఇరవై రెండేళ్లుగా నీళ్ల ఆఫీసులో ఈ మాటకు తిరుగులేదు. భూమిలో పైపు ఎక్కడ పగిలిందో పైకి కనబడదు. నీరు మహా మాయలమారిది, ఒకచోట కారి ఇంకోచోట తేలుతుంది. అందుకని తెల్లవారుజామున, బండ్లు రోడ్డెక్కక ముందే, ఆవిడ నిలువెత్తు ఇనుప కడ్డీని నేలకు ఆనించి, దాని పైకొసన ఉన్న చెక్క గిన్నెకు చెవి పెట్టి వింటుంది. కారే నీరు ఈల వేస్తుంది. ఆ ఈల ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడ గీత పడుతుంది. గీత పడ్డాక తవ్వే ముఠా మారు మాట్లాడదు. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా మిగల్లేదు.

గర్వం ఉందా అంటే, ఉంది. దాచడం దేనికి? పని వచ్చినవాళ్లకు గర్వం లేకపోతే రానివాళ్లకు ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

ఐదు నెలల కిందట ఒకరోజు ఆ ఈల ఇంట్లో వినబడింది.

“ఏమండీ, ఎక్కడో కారుతోంది,” అంది.

భర్త దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతూ తలెత్తకుండానే ఊఁ కొట్టాడు. ఆవిడ మూడు కుళాయిలు విప్పి బిగించింది. వంటగది గోడకు కడ్డీ ఆనించి వింది. మేడమీది ట్యాంకు చుట్టూ తడిమి చూసింది. చివరికి పక్కింటివాళ్ల వాల్వు కూడా కట్టేసింది. పక్కింటాయన ఒళ్లంతా సబ్బుతో, నడుముకు తువ్వాలుతో వీధిలోకి వచ్చాడు. ఈల మాత్రం ఆగలేదు.

“నాకేం వినబడట్లేదే,” అన్నాడు భర్త. “కారేది కొంపలో కాదేమో, నీ బుర్రలోనేమో చూసుకో.”

నవ్వబోయి ఆగిపోయింది సుద్దక్క. రెండు చెవులూ వేళ్లతో మూసుకుంది. తగ్గాల్సింది పోయి ఈల పెరిగింది. అప్పుడు మొదటిసారి ఆవిడకు భయం వేసింది.

సలహాలకేం కొదవ? ఉప్పు తగ్గించమంది ఆడబిడ్డ. మెడ తిప్పే వ్యాయామాలు ఫోనులో పంపింది తోడికోడలు. కాఫీ పూర్తిగా మానేయమన్నాడు పక్కింటాయన, సబ్బు సంగతి మనసులో పెట్టుకునే చెప్పి ఉంటాడు. అన్నీ చేసింది. నాలుగు నెలల తర్వాత భర్త ఆవిడ చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పడేసి, “ఊళ్లో వాళ్ల పైపులన్నీ చూస్తావు, నీ చెవి చూపించుకోవడానికేం?” అని చెవి డాక్టరు దగ్గరకు లాక్కెళ్లాడు.

డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసింది. గులిమి లేదు, చీము లేదు. గాలి కూడా దూరని చిన్న గదిలో కూర్చోబెట్టి, వినికిడి పరీక్ష చేయించి, ఆ కాగితం ముందు పెట్టుకుంది.

“రోడ్డు పగలగొట్టే మిషను దగ్గర నిలబడతారా?”

“నిలబడకపోతే ఎలాగమ్మా? గీత నాది. నీళ్లు పైకి తన్నడం కళ్లారా చూడొద్దూ?”

“తవ్వేవాళ్లు చూస్తారుగా?”

చూస్తారు, నిజమే. అయినా సుద్దక్క ఇరవై రెండేళ్లు ప్రతి గుంత దగ్గరా, డ్రిల్లుకు రెండడుగుల దూరంలో, చెవులకు ఏ అడ్డూ లేకుండా నిలబడింది. పని కోసం కాదు. తన గీత గెలవడం చూడటానికి.

“సన్నటి శబ్దాలు మీకు అందడం తగ్గిపోయింది,” అంది డాక్టరమ్మ. “అందనిచోట మెదడు ఊరుకోక తనే ఒక శబ్దం కల్పించుకుంటుంది. చాలామందికి ఇలాగే వస్తుందని మా అంచనా.”

“ఆపడానికి మాత్ర?”

“లేదమ్మా. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. ఈల పోకపోవచ్చు, దాని బాధ మాత్రం తగ్గుతుంది. మరీ నిశ్శబ్దంలో ఉండకండి, పక్కన ఏదో మెత్తటి చప్పుడు ఉండనివ్వండి. దాంతో పోట్లాడకండి. డ్రిల్లు దగ్గర మాత్రం చెవులకు మూతలు లేకుండా అడుగు పెట్టొద్దు.”

పరీక్ష చేసే అమ్మాయి ఇంకోసారి కూర్చోబెట్టి రకరకాల శబ్దాలు వినిపిస్తూ, “మీ ఈల ఇలా ఉంటుందా? ఇలాగా?” అని అడిగింది. పదకొండోదో పన్నెండోదో వినిపించగానే సుద్దక్క కుర్చీలోంచి లేచినంత పని చేసింది. అదే. సూదిమొనంత సన్నగా ఉంది.

ఆ రోజు నుంచి సందెవేళ ఆవిడ నడుం వాల్చగానే భర్త పక్కనే మిషను తొక్కేవాడు. ఆ టకటకలో ఈల సగం మునిగిపోయి ఆవిడకు కునుకు పట్టేది. కుట్టడానికి బట్టలు లేని రోజున ఉత్త మిషనే తొక్కాడు. అది చూసి కూడా చూడనట్టు కళ్లు మూసుకుంది గానీ, ఆ మనిషి మీద ఆవిడకు ఇష్టం పొంగింది.

ఇంట్లో సరే. ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెవి పాడైందని తెలిస్తే కడ్డీ లాక్కుని కాగితాల గదిలో కూర్చోబెడతారు. కడ్డీ లేకపోతే తనెవరు? ఈ ఒక్క భయంతో నోరు కుట్టేసుకుంది.

అదే కొంప ముంచింది. ఆసుపత్రి సందులో పైపు ఎక్కడో పగిలి, లోపలి ట్యాంకు నిండటం మానేసింది. ఉన్న నీళ్లు మధ్యాహ్నం దాకా కూడా రావని కబురు వచ్చింది. సుద్దక్క చెవి గిన్నెకు నొక్కి పెట్టింది. ఈల గట్టిగా వినబడింది. గీత గీసింది. తవ్వారు. పొడిమట్టి. పది అడుగులు జరిగి మళ్లీ గీసింది. మళ్లీ పొడిమట్టే. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికింది, వీళ్లకు అదీ లేదు.

ముఠా మేస్త్రి గుంత అంచున మిగిలిన రెండో గీతను బూటుకాలితో మెల్లగా చెరిపేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు.

నీళ్ల ఆఫీసు ఇంజనీరు గారు వాచీ చూసుకుని, “సందు మొత్తం తవ్వేయండి,” అన్నారు. సందంతా తవ్వాలంటే సాయంత్రం అవుతుంది. సుద్దక్క ఆసుపత్రి కిటికీల వైపు చూసింది. అక్కడివాళ్లకు కావలసింది నీళ్లు, తన పరువు కాదు.

“ఆగండి సార్,” అంది. “ఆ రెండు గుంతలూ నా చెవి చేసిన తప్పు. ఐదు నెలలుగా నా చెవుల్లో ఈల మోగుతోంది. చెవి మూస్తే ఇంకా పెరుగుతుంది. గిన్నెకు నొక్కినప్పుడు విన్నది దాన్నే. దాచడం నాది బుద్ధితక్కువ. కానీ నా ఈల ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది సూదిమొన, నీళ్లది బొంగురు. మేస్త్రీ, సందు మొదట్లో వాల్వు కట్టెయ్. నేను చెయ్యెత్తగానే తెరువ్. నీళ్లు ఆగితే నీళ్ల ఈల ఆగాలి. నాది ఆగదు. ఇంకొక్క గీతకు టైమివ్వండి.”

ఇంజనీరు గారు ఏదో అనబోయారు. అప్పటికే మేస్త్రి వాల్వు తిప్పే తాళంకడ్డీ భుజాన వేసుకుని పరుగు తీశాడు.

వాల్వు మూశారు. చెవిలో సూదిమొన ఒక్కటే మోగింది. చెయ్యెత్తింది. తెరిచారు. సూదిమొన అడుగున, గొంతు సవరించుకుంటున్నట్టు, ఇంకేదో మొదలైంది. ఐదు అడుగులు జరిగింది. మూయించింది, తెరిపించింది. ఇంకో ఐదు. తొమ్మిదోసారికి అది సందు మలుపులో, ఎవరూ అనుకోనిచోట, బొంగురుగా బుసకొట్టింది. సుద్దక్క వంగి గీత గీసింది. చెయ్యి ఎప్పటికన్నా గట్టిగా పడి సుద్దముక్క విరిగింది.

డ్రిల్లు మొదలవగానే ఆవిడ సంచిలోంచి చెవిమూతలు తీసి పెట్టుకుని, రోడ్డుకు అవతల పక్కకు వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడింది. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. డ్రిల్లు పట్టే మనిషి. నడుం దాకా తడిసి, మట్టి కొట్టుకుపోయి ఉన్నాడు. ఆవిడకు ఛాతీ నిండుగా ఊపిరి వచ్చింది. తన చెవి తనదే, ఈలతో సహా.

మూతలు తీసింది. కానీ అతను నీళ్ల గురించి చెప్పలేదు.

“అక్కా,” అన్నాడు, అటూ ఇటూ చూసి. “నాక్కూడా మోగుతుంది. ఎనిమిదేళ్లయింది. చెబితే పనిలోంచి తీసేస్తారని మా ఆవిడకు కూడా చెప్పలేదు.”

సుద్దక్క అతని చేతుల వైపు చూసింది. తను గీత గెలవడం చూడటానికి అక్కడ నిలబడింది. ఇతను ఆ మిషన్ను చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

చరచరా ఇంజనీరు గారి దగ్గరకు నడిచింది. ఆయన సంతోషంగా చెయ్యి చాపారు. ఆవిడ ఆ చేతిలో తన చెవిమూతలు పెట్టింది.

“ఇలాంటివి ముఠాలో అందరికీ కావాలి సార్. చెవి డాక్టరు పరీక్ష కూడా. అవి వచ్చేదాకా నా సుద్ద రోడ్డు మీద పడదు.”

“ఎంతమందికి?” అన్నారాయన, నెమ్మదిగా.

సుద్దక్క ముఠా వైపు తిరిగింది. “చెవుల్లో ఎవరెవరికి మోగుతోందర్రా? సిగ్గుపడకండి. నాకూ మోగుతోందిగా!”

డ్రిల్లు మనిషి ముందు చెయ్యెత్తాడు. తర్వాత పార పట్టేవాళ్లిద్దరూ ఎత్తారు. సందు మొదట్లో, వాల్వు పక్కనుంచి, మేస్త్రి కూడా ఎత్తాడు.