అసిరమ్మ గెంతిన పెళ్ళి

కూతురు రూబీ పెళ్ళికి ముందు రోజు పొద్దు వాలుతుండగా జ్ఞానసుందరి చెంగు నడుముకి చుట్టుకుని చేపల సందులోకి బయల్దేరింది. బయల్దేరిందే గానీ కాళ్ళు ముందుకి పడడం లేదు. ఇంటి దగ్గర పందిరి ఇంకా సగమే అయింది. తెల్లారితే సాలూరు నుంచి వియ్యాలవారు దిగుతారు. వంటవాడు ఉల్లిపాయలు చాలవని గోల పెడుతున్నాడు. అవన్నీ వదిలేసి ఆమె వెళ్తున్నది అసిరమ్మకి ఒక్క మాట చెప్పడానికి. ఆ మాట ఎలా చెప్పాలో తెలీక వారం నుంచి నోట్లోనే దాచుకుంది.

అసిరమ్మ సముద్రం పక్క ఊరి మనిషి, జ్ఞానసుందరి అప్పా అని పిలిచే అక్కలాంటిది. పెళ్ళయ్యాక చీపురుపల్లి వచ్చి స్టేషను దగ్గర చేపలమ్ముకుంటూ అక్కడే ఉండిపోయింది. జ్ఞానసుందరి వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని గంప కడుగుతోంది.

"రాయే సుందరీ, కూకో. పెళ్ళికూతురి తల్లివి, సందుల్లో తిరుగుతన్నావేటి? ఇంటికాడ పని నేదా?"

"పనికేటి తక్కువప్పా."

"ఉండు, నీకోటి సూపిస్తాను." తడిచేతులు తుడుచుకుని లోపలికెళ్ళి ఒక చీర తెచ్చింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. "శ్రీకాకుళం ఎల్లి కొన్నాను. రేపు దీన్ని ఎగ్గట్టి రూబీ ముందర గెంతినానంటే, మీ సాలూరోళ్ళు లారీలొగ్గీసి పారిపోవాల."

జ్ఞానసుందరి చీర పట్టుకుని అంచు నిమురుతూ ఉండిపోయింది. తలెత్తలేదు. "అప్పా, రేపు గెంతొద్దు."

అసిరమ్మ నవ్వింది. వేళాకోళం అనుకుంది. తర్వాత మొహం చూసి నవ్వు ఆపేసింది.

స్టేషను వెనక పేటలో చర్చి ఉంది. బాప్తిస్టు సంఘం, నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చి చేర్చుకుంటారు. ఆ సంఘంలో ఏ సంగతైనా పాస్టరు ఒక్కడూ తేల్చేది కాదు. అందరినీ కూర్చోబెట్టి చేతులెత్తమంటారు, ఎక్కువ చేతులు ఎటుంటే అదే మాట. పెళ్ళిళ్ళలో గంతులు వద్దన్న నియమం కూడా అలా చేతులెత్తి పెట్టుకున్నదే. సంఘపెద్ద అబ్రహాం చిన్నకొడుకు ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో వ్యాను మీదికెక్కి గెంతుతూ కరెంటు తీగ తగిలి పోయాడు. ఆ తర్వాత ఆదివారం అబ్రహాం లేచి నిలబడి, ఇకమీద పెళ్ళివారి మనుషులెవరు గెంతినా ఆ పెళ్ళికి చర్చి తలుపు తియ్యకూడదన్నాడు. కొడుకు పోయిన మనిషి ఎదురుగా నిలబడి అడిగితే చెయ్యెత్తనిదెవరు? జ్ఞానసుందరీ ఎత్తింది.

నియమం మాటల్తో ఆగలేదు. పోయిన వేసవిలో అదే సంఘపు సూరయ్య కూతురి పెళ్ళికి పెళ్ళికొడుకు అన్నదమ్ములు డప్పుకి నాలుగడుగులు వేశారు. తలుపు తీద్దామా వద్దా అని అడిగితే, వద్దని మళ్ళీ చేతులు లేచాయి. వాటిలో జ్ఞానసుందరి చెయ్యీ ఉంది. పెళ్ళికొడుకువాళ్ళు అవమానమైందని వచ్చిన బండిలోనే వెళ్ళిపోయారు. ఆ పిల్లకి ఇప్పటికీ పెళ్ళి కాలేదు.

"నాను మీ సంఘపు మనిషిని కాను గదే," అంది అసిరమ్మ. "మీ నీళ్ళల్లో నానెప్పుడు మునిగినాను?"

"మునిగినోళ్ళకే కాదప్పా. పెళ్ళోరి మనుషులెవులు గెంతినా తలుపు తియ్యరు."

"ఎవులెట్టినారే ఆ రూలు?"

"అందరం."

"నువ్వూ సెయ్యెత్తినావా?"

"ఎత్తినాను."

అసిరమ్మ చీర తీసుకుని మడత మీద మడత వేసింది. రూబీ పుట్టినప్పుడు జ్ఞానసుందరి ఒళ్ళు తెలీని జ్వరంతో శ్రీకాకుళం ఆసుపత్రిలో పడి ఉంటే, ఆ పసిదానికి పాలిచ్చింది అసిరమ్మే. ఆ పాలు ఆమె కొడుకు కోసం వచ్చినవి. కొడుకు దక్కలేదు. మళ్ళీ కడుపు పండలేదు. పాలిచ్చిన తల్లి పెళ్ళికూతురి ముందు గెంతి పంపాలని ఆమె తల్లి చెప్పేదట. రూబీ పాకే రోజుల నుంచీ అసిరమ్మ ఆ మాట అంటూనే ఉంది.

"సరే, గెంతను," అంది చివరికి. "రాను కూడా రాను. రూబీ గుంట బతుకు పాడుసేస్తానేటి నాను? ఎల్లు, బేగి ఎల్లి నీ పని సూసుకో."

జ్ఞానసుందరికి గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ఎండ ఎక్కకముందే ఊరేగింపు కదిలింది. డప్పు లేదు, బ్యాండు లేదు. పాటల పుస్తకాలు పట్టుకుని కీర్తనలు పాడుతూ నడుస్తున్నారు. పెళ్ళికొడుకు శాంతికుమార్ లారీ డ్రైవరు. డీజే పెట్టబోమని, ఒక్కరూ కాలు కదపబోమని స్నేహితులందరి చేతా ఒట్టేయించాడు. అయినా జ్ఞానసుందరి కళ్ళు పెళ్ళికూతురి మీద లేవు. అందరి కాళ్ళ మీదే ఉన్నాయి. ఎవడైనా రాయి తగిలి తూలినా ఆమెకి ఊపిరి ఆగుతోంది. చేపల సందు దాటుతూ చూసింది. అసిరమ్మ ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది.

చర్చి మెట్ల మీద అబ్రహాం తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. సూరయ్య సంగతి తర్వాత పెట్టుకున్న పద్ధతది. పెళ్ళికూతురు సవ్యంగా వచ్చి చేరేదాకా తాళం తియ్యరు. పక్కన పాస్టరు ఇమ్మానుయేలు. కుర్రవాడు, ఈ సంఘానికి కొత్త.

ఇంకాసేపట్లో మెట్లు. అంతా బాగానే అయిందనుకుంది జ్ఞానసుందరి. అప్పుడే రోడ్డు మలుపులో ఒక లారీ వచ్చి ఆగింది, బంతిపూల దండలు కట్టుకుని. ఆలస్యమైన స్నేహితులు. డీజే వద్దన్నారు, గంతులు వద్దన్నారు, హారన్ సంగతి ఎవరూ అనలేదు. దాంట్లో ఉన్న పాటంతా మోగించేశారు.

వీధి వీధంతా దద్దరిల్లింది. కీర్తన ఆగిపోయింది. శాంతికుమార్ రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "ఒరే, ఆపండ్రా! ఆపండ్రా బాబూ!" మెట్ల మీద అబ్రహాం మొహం సున్నం కొట్టినట్టయింది. ఆయన చేత్తో తలుపు గడియ పట్టుకున్నాడు. పెళ్ళివారిలో ఒక్క కాలూ కదల్లేదు.

ప్రహరీ గోడ పక్క నుంచి మాత్రం ఆకుపచ్చ చీర కదిలింది.

పిల్లని ఒక్కసారి చూసుకుని పోదామని గోడ చాటున నిలబడిందట అసిరమ్మ. హారన్ మోగేసరికి కాళ్ళు ఆగలేదు. చీర ఎగ్గట్టి, చేతులు పైకెత్తి, మట్టి లేచేలా గెంతింది. కళ్ళు రూబీ మీదే. నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. హారన్ ఆగింది. ఆమె అడుగుల చప్పుడు ఇంకొంచెంసేపు వినిపించి, అదీ ఆగింది.

"సుందరీ," అన్నాడు అబ్రహాం.

"మావా."

"ఆ గెంతిన మనిషి ఎవులు?"

పేటంతా ఆమె దగ్గరే చేపలు కొంటుంది. అబ్రహామూ కొంటాడు.

"తెలక అడగతన్నాననుకోకు," అన్నాడాయన మెట్టు దిగి, గొంతు తగ్గించి. "రూలు పెళ్ళోరి మనుషులకి. దారిన పోయినోళ్ళకి కాదు. ఆవిడ నా మనిషి కాదు అని ఒక్క మాట అనెయ్యి. తాళం తీసెస్తాను. నాకు మాత్రం పిల్ల పెళ్ళి ఆపాలని ఉన్నాదేటి?"

అసిరమ్మ గోడకి చెయ్యి ఆన్చి రొప్పుతోంది. విన్నది. "అనీయే సుందరీ," అంది. "నాకేటవుతాది? సేపలమ్ముకోడానికి పోతన్నాను. నాను నీ మనిషిని కాను."

వెనక నుంచి వియ్యంకుడు గొంతు పెంచాడు. "ఏటమ్మా ఇది? తలుపు తీస్తారా, బండెక్కీమంటారా?"

రూబీ ముసుగులోంచి "అమ్మా" అంది.

ఒక్క మాట. అనేస్తే పెళ్ళయిపోతుంది. అన్నందుకు అసిరమ్మ కూడా కోపగించదు. రేపు మళ్ళీ చేపల గంప తెచ్చి ఇంటి ముందు దించుతుంది. జ్ఞానసుందరి నోరు తెరిచింది.

"నా మనిషే మావా."

"ఏటీ?"

"నా మనిషే!" ఈసారి లారీ దగ్గరున్నవాళ్ళకీ వినిపించింది. "నా పిల్ల ఆవిడ పాలు తాగి బతికినాది. కాదని ఎలగ అనీమంటావు? నా మనిషి గెంతినాది కాబట్టి నన్ను బయటెట్టండి. నా గుంట గెంతనేదు, అల్లుడు గెంతనేదు. ఆళ్ళకి తలుపు తియ్యండి. నాను గుమ్మం తొక్కను."

అబ్రహాం పాస్టరు వంక చూశాడు. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇది సంఘం చెప్పాలి. తల్లి బయట ఉండాలి, పిల్లకి తలుపు తియ్యాలి. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. అందరి కళ్ళూ సూరయ్య మీదికి పోయాయి. సూరయ్య చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు.

"నా కూతురి నాడు గెంతినోళ్ళని బయటెట్టి పిల్లకి తలుపు తీద్దామని ఎవులూ అడగనేదు," అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది జ్ఞానసుందరికి.

"అవున్రా, అడగనేదు," అంది లక్ష్మణమ్మ. సంఘంలో అందరికన్న పెద్దది, కర్ర లేనిదే నిలబడలేదు. "అది మన తప్పే. మళ్ళీ మళ్ళీ సేద్దామా?" కర్ర పక్కవాళ్ళకి అందించి చెయ్యి పైకెత్తింది. దాని వెనక ఇంకొకటి లేచింది. ఆ పక్కన ఇంకొకటి. పాటల పుస్తకాలతో సహా లేచాయి కొన్ని. సూరయ్య చేతులు మాత్రం వీపు వెనకే ఉన్నాయి.

అబ్రహాం చూశాడు. తన చెయ్యి ఎత్తలేదు. వెనక్కి తిరిగి తాళం తీశాడు.

జనం చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. గుమ్మం దగ్గర రూబీ ఆగి తల్లి చెయ్యీ, అసిరమ్మ చెయ్యీ కలిపి పట్టుకుంది. "బేగి రామ్మా," అని అబ్రహాం పిలిచాడు. వదిలి వెళ్ళింది. అందరికన్న చివర సూరయ్య. జ్ఞానసుందరి ముందు నుంచే వెళ్ళాడు.

చెప్పుల మధ్య చోటు చేసుకుని కిటికీ కింద చతికిలబడింది జ్ఞానసుందరి. అసిరమ్మ ఎడంగా కూర్చుంది.

"నీకు బుద్ధి నేదటే? అనీమన్నాను గదా."

"ఊరుకో అప్పా. ఇనపడనీ."

లోపల పాట అయింది. వాక్యం చదివారు. తర్వాత పాస్టరు అడిగాడు, ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలని. ప్రతి పెళ్ళిలోనూ అడిగేదే. ఎవరూ పట్టించుకోని మాట.

బల్ల కిర్రుమంది.

జ్ఞానసుందరి మోకాళ్ళ మీద లేచి కిటికీ ఊచలు పట్టుకుంది. సూరయ్య నిలబడి ఉన్నాడు. అన్ని తలలూ అటు తిరిగాయి. అబ్రహాం కూడా తిరిగాడు. సూరయ్య పెళ్ళికూతుర్ని చూస్తున్నాడు. రూబీ, ఆయన కూతురూ ఒకే బడిలో, ఒకే బెంచీలో చదువుకున్నారు.

"చెప్పండి సూరయ్యగారూ," అన్నాడు పాస్టరు.

సూరయ్య పెదాలు కదిలాయి.

"ఏటీ నేదు," అని కూర్చుండిపోయాడు.

ఊచలు వదిలేసరికి జ్ఞానసుందరి అరచేతుల్లో ఎర్రటి గీతలు. లోపల ప్రమాణాలు మొదలయ్యాయి. శాంతికుమార్ గొంతు గట్టిగా, రూబీ గొంతు సన్నగా వినిపించింది. కిటికీలోంచి రూబీ భుజమూ, ముసుగు అంచూ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఉంగరం తొడిగారో లేదో తెలీలేదు. చప్పట్లు వినిపిస్తే తొడిగారనుకుంది.

అసిరమ్మ పక్కకి జరిగి కూర్చుంది. "అయిపోనాదా?"

"అయిపోనాది. ప్రార్థన ఉన్నాది."

"ఇప్పుడు గెంతొచ్చా మరి?"

జ్ఞానసుందరికి నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఆగప్పా. ఆమెన్ అననీ."

కొత్త పాస్టరు ప్రార్థన చాలా పొడుగు. అసిరమ్మ లేచి నిలబడి ఆకుపచ్చ చీర మళ్ళీ ఎగ్గట్టుకుంది. పక్కన జ్ఞానసుందరి కూడా లేచి చెంగు నడుముకి చుట్టుకుంది.