ఎన్ని రకాలుగా తిప్పినా

"ఏమోయ్, టీతో పాటు ఓ పది వాక్యాలు కూడా పంపించు" అని ముందుగదిలోంచి కేకేశారు మాస్టారు. "ప్రశ్నలుగా మార్చేవి అయిదు, నెగటివ్‌లోకి మార్చేవి అయిదు. కాస్త త్వరగా."

పక్కింటావిడని చారెడు పంచదార అడిగినంత సులువుగా అడుగుతారాయన. మాస్టారమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించి, తడి చేతులు తుడుచుకుని, చింపిన కేలండరు కాగితం వెనక్కి తిప్పి గోడకానించి రాయడం మొదలుపెట్టింది. టీ కాగేలోపు పదీ అయిపోయాయి. టీ గ్లాసుని ఆ కాగితం మీదే పెట్టి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన గ్లాసు ఎత్తి, కాగితం మీద పడ్డ గుండ్రటి తడిని బొటనవేలితో రుద్ది, "ఏంటిది, చూసి పెట్టొద్దూ?" అన్నారు. అక్కడితో ఆ పూటకి ఇద్దరి మధ్యా మాటలు పూర్తి.

ఇంగ్లీషు ట్యూషనంటే ఆ చుట్టుపక్కల నాలుగు వీధులకీ మాస్టారే. పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు, మొత్తం అరవై మంది పిల్లలు. అందులోనూ వాక్యాలు మార్చే పాఠం ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని పేరు. అవునన్నదాన్ని కాదన్నట్టు రాయాలి, చెప్పినదాన్ని అడిగినట్టు రాయాలి, రెండు వాక్యాలు కలిపి ఒకటి చెయ్యాలి. ఎలా మార్చినా షరతు ఒక్కటే, ఆకారం మారాలి, అర్థం మారకూడదు. ఆ మాట బోర్డు పైన అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి ఉండేది. అదీ మాస్టారమ్మ రాసిందే.

ఆవిడకి పెద్ద చదువేం లేదు. హైస్కూలు సగంలోనే పెళ్ళయింది. బజార్లో ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే ఇప్పటికీ నోరు పెగలదు. కానీ ఒక వాక్యం చేతిలో పెట్టి చూడండి, చొక్కాని లోపలకీ బయటకీ తిరగేసి ఉతికినట్టు ఏడు రకాలుగా తిరగేసి ఇస్తుంది. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ పల్చన. ఇరవై రెండేళ్ళుగా అవే పాఠాలు అటునుంచి చెవిలో పడుతూనే ఉన్నాయి. చాకలిబండకి కూడా ఈపాటికి వ్యాకరణం వచ్చేసేది.

అసలు ఇదంతా ఎలా మొదలైందంటే, పెళ్ళయిన రెండో ఏడు మాస్టారికి జ్వరం వచ్చింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. పాత వ్యాకరణం పుస్తకంలో ఆ పాఠం పేజీలు చెదలు తినేశాయి. "నువ్వే ఏవో నాలుగు వాక్యాలు రాసి ఇవ్వు, పడుకున్నచోటు నుంచే చెప్తాను" అన్నారాయన. ఎక్కడినుంచి తెస్తుంది వాక్యాలు? దిక్కులు చూసింది. వసారాలో అత్తగారు ఎవరితోనో అంటోంది, "మా కోడలి కూరలో ఏనాడూ ఉప్పు సరిపోదమ్మా" అని. చేతికందిందే చాలనుకుని ఇంగ్లీషులో అదే రాసింది, 'ఆమె కూరలో ఏనాడూ ఉప్పు సరిపోదు' అని. పిల్లలు చకచకా మార్చేశారు, 'ఆమె కూర ఎప్పుడూ చప్పగానే ఉంటుంది' అని. మాస్టారు దుప్పట్లోంచి "శభాష్" అన్నారు. ఆ శభాష్ పిల్లలకి.

ఇక అప్పటినుంచి ఆ పని ఆవిడ మెడకే చుట్టుకుంది. రోజుకి పది, ఒక్కోరోజు ఇరవై. ఊహించి రాయడానికి తీరికేదీ? విన్నది విన్నట్టు రాసేసేది. ఒకసారి నడుం నొప్పిగా ఉందంటే మాస్టారు పేపరు మడవకుండానే అన్నారు, "ఇంత చిన్న పనికి ఎవరైనా అలిసిపోతారా?" అని. మర్నాడు పిల్లలు దాన్ని 'ఇంత చిన్న పనికి ఎవరూ అలిసిపోరు' అని మార్చారు. ముందుగదిలో బల్లలకి చోటు చాలక ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న కుట్టుమిషను అమ్మేసినప్పుడు, అదీ ఒక వాక్యమైంది. అమ్మిందెవరో చెప్పకుండా మిషను మాత్రమే పోయేటట్టు రాయడం ఇంగ్లీషులో ఎంత తేలికో ఆ రోజు తెలిసింది. ఆవిడ గోడు వినేవాళ్ళెవరూ లేకపోయినా, దాన్ని అరవై గొంతులు రోజూ గట్టిగా చదివేవి. అదో చిత్రమైన ఓదార్పు.

తండ్రి సంగతి మాత్రం రాయాలని రాయలేదు. ఆయన మంచాన పడ్డారని కబురొచ్చిన రోజు పరీక్షలకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. "ప్రశ్నపత్రాలు ఎవరు రాస్తారు? పరీక్షలయ్యాక వెళ్దువుగానిలే. అంతలో కొంపలేం మునగవు" అన్నారు మాస్టారు. "మీ నాన్నకి ఇది కొత్తా? ప్రతి చలికాలం పడుకుని లేచేదే కదా" అంది అత్తగారు. మూడో రోజు రెండో కబురొచ్చింది. వెళ్ళింది, వచ్చింది. వచ్చిన సాయంత్రమే మాస్టారు వాక్యాలు అడిగారు. చెయ్యి దానంతటదే రాసింది. 'ఆమె తండ్రికి జబ్బు చేసింది, కానీ ఆమెను పంపలేదు.' పిల్లలు ముందు దాన్ని 'తండ్రికి జబ్బు చేసినా ఆమెను పంపలేదు' అన్నారు. తరవాత ఇంకా కుదించి 'తండ్రి జబ్బుకి కూడా ఆమెను పంపలేదు' అన్నారు. గుమ్మం పట్టుకుని నిలబడి వింది మాస్టారమ్మ. ఎన్ని రకాలుగా తిప్పినా, ఆమెను పంపలేదు.

ఇన్నేళ్ళకి ఈ మధ్య ప్రెస్సాయన ఇంటికొచ్చి, "మాస్టారూ, మీ వాక్యాలన్నీ కలిపి పుస్తకం వేద్దామండీ. 'మాస్టారి వెయ్యి వాక్యాలు' అని పెడితే ఎగరేసుకుపోతారు" అన్నాడు. ట్రంకుపెట్టెలోంచి కేలండరు కాగితాలు, అట్టముక్కలు, కవర్ల వెనక వైపులు అన్నీ తీసి, నెలరోజులు కూర్చుని వరసగా తిరగరాసింది ఆవిడే. రాస్తూ రాస్తూ ఒకరోజు ధైర్యం చేసి అడిగింది, "ఏమండీ, లోపలెక్కడైనా, చిన్నక్షరాలతో అయినా, నా పేరు వేయిస్తారా?"

మాస్టారు నవ్వారు. కోపం లేదు పాపం, నిజంగానే నవ్వొచ్చింది. "వంట చేసినవాళ్ళ పేరు కంచం మీద రాస్తారటే?"

ప్రెస్సులో టైపు చేసే అమ్మాయి వారం తర్వాత కాగితాలు పట్టుకుని వచ్చింది. అక్కడక్కడా దస్తూరి అర్థం కాలేదట. "లోపల అడుగమ్మా, తిరగరాసింది మా ఆవిడే" అన్నారు మాస్టారు. ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. సందేహాలు నాలుగూ తీరాక కూడా లేవలేదు.

"పిన్నిగారూ, ఒకటి అడగనా? ఈమె ఎవరండీ?"

"ఎవరు?"

"ఈ 'ఆమె'. మొదటి పాఠంలో కూరలో ఉప్పు చాల్లేదు. ఏడులో మిషను అమ్మేశారు. పదకొండులో నాన్న దగ్గరికి పంపలేదు. వరసగా టైపు చేస్తుంటే ఒక్క మనిషే అనిపించింది. నేను భోజనానికి కూడా లేవలేదు తెలుసా, తర్వాత ఏమవుతుందోనని."

మాస్టారమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. అరవై మంది పిల్లలు, ఇరవై రెండేళ్ళు, చదివినవాళ్ళు ఎన్ని వందలమందో. చదివింది మాత్రం ఈ పిల్లొక్కతే. చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ గోడ పల్చన.

"ఎవరో లేమ్మా. పాఠం కోసం ఏదో ఒకటి రాయాలి కదా" అంది.

ఆ అమ్మాయికి కల్లాకపటం తెలీదు. కాగితాలు సరిచూడమని బల్ల మీద పెట్టి, వెళ్తూ వెళ్తూ మాస్టారితో, "సార్, మీ పుస్తకంలో ఒక ఆవిడ కథ భలే ఉందండీ" అని చెప్పి మరీ వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి ఆ వాక్యాలు చదివారు. అంతకుముందు చదవలేదా అంటే, దిద్దారు. దిద్దడం వేరు, చదవడం వేరు.

"కుట్టుమిషనంటావు. ఇది మన మిషనేనా?"

"వాక్యమండీ అది. పాసివ్ వాయిస్‌కి బాగా కుదిరింది."

"ఏం రాసిందిరా?" అంది కుర్చీలోంచి అత్తగారు.

"నీ ఉప్పు గొడవ కూడా రాసిందమ్మా."

"ఉప్పు సంగతి నిజమే కదా" అంది అత్తగారు ఆలోచించి. "నిజమైతే మాత్రం పదిమందిలో పెట్టుకుంటారా? ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?"

"ఇన్నేళ్ళూ ఇవన్నీ నా చేత్తో బోర్డు మీద రాశానా నేను?" మాస్టారి మొహం ఎర్రబడింది. "ఎవరైనా గమనించి ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

మాస్టారమ్మ ఆయన వేలి వెంటే చూస్తోంది. వేలు ఎనిమిదో పాఠం దాటింది, పది దాటింది, పదకొండుకి వచ్చింది. తండ్రి జబ్బు దగ్గర ఆగింది. ఆవిడ పెద్దగా ఏమీ ఆశించలేదు, ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు. మాటక్కర్లేదు.

"ఇక్కడ కామా పడాలి" అన్నారు మాస్టారు.

వేలు ముందుకి పోయింది. చివరికి కళ్ళజోడు తీసి, తీర్పు చెప్పేశారు. "రేపు సాయంత్రం ఆ అమ్మాయి వస్తుంది. ఈలోపు 'ఆమె' ఉన్నచోటల్లా 'రాజు' అని పెట్టెయ్. రూలేం మారదు. రాజులూ పులులూ ఉంటే పిల్లలకీ సరదాగా ఉంటుంది."

"అన్నీనా అండీ?"

"అన్నీనూ. ఎన్నుంటాయి, మూడు నాలుగొందలు. ఇంత చిన్న పనికి..." అని ఎందుకో మధ్యలో ఆపేశారు.

మార్చింది. కాదనడానికి ఆవిడ చేతిలో ఏముంది? మర్నాడు అంట్లు తోముకుని, బట్టలు ఆరేసి, అత్తగారికి మందు వేసి, వంటింటి గట్టు మీద కాగితాలు పరుచుకుని, 'ఆమె' మీద గీత కొట్టి పైన 'రాజు' అని రాస్తూ పోయింది. రాజుగారి కూరలో ఏనాడూ ఉప్పు సరిపోదు. రాజుగారి కుట్టుమిషను అమ్మేశారు. రాజుగారు అందరూ తిన్నాక తింటారు. అడక్కుండా బయటికి వెళ్ళినందుకు రాజుగారిని అత్తగారు తిట్టారు. ఒకచోట నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు మసకబారి అక్షరాలు కనిపించలేదు. గీతలన్నీ ఒకే పొడుగున, చక్కగా, తిన్నగా కొట్టింది. ఏ పనైనా అశ్రద్ధగా చెయ్యడం ఆవిడకి చేతకాదు, అదే వచ్చిన చిక్కు. ఒక్కో గీతకీ ఒక్కో రోజు చెరిగిపోతున్నట్టుంది. పదకొండో పాఠంలో ఆ వాక్యం దగ్గర పెన్ను ఆగింది. ఆయన చెప్పినచోట కామా ఒక్కటి పెట్టింది. గీత మాత్రం కొట్టలేదు. అలాగే తర్వాత పేజీకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. ముందుగదిలో పిల్లలు వల్లె వేస్తున్నారు, మాస్టారు బోర్డు దగ్గరున్నారు. వంటింట్లో నిలబడే కాగితాలు తిరగేసింది. రాజు, రాజు, రాజు. ఆ పిల్ల మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది. తన నోటిమాట వల్లే ఇదంతా జరిగిందని అర్థమైనట్టుంది. పదకొండో పాఠం దగ్గర చెయ్యి ఆగింది.

"పిన్నిగారూ" అంది మెల్లిగా, "ఇక్కడొక్కచోట 'ఆమె' ఉండిపోయింది. మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదు."

"మరి సార్ అడిగితే? తిరగరాసేటప్పుడు పొరపాటు పడిందని చెప్పనా?"

పొరపాటంటే సరిపోయేది. అందరికీ సుఖం. పల్చటి గోడకి అవతల సాయంత్రం జట్టు గొంతులన్నీ ఏదో వాక్యాన్ని తిప్పి చదువుతున్నాయి. అది ఏ రోజుదో ఆవిడకి గుర్తే. మాస్టారమ్మ గొంతు తగ్గించలేదు.

"తిరగరాయడమేంటమ్మా," అంది, "అది రాసింది నేను. అలాగే చెప్పు."